హెచ్-4 ఈఏడీ ఒక్క సంతకంతో పోతుందా? అమెరికాలో అధ్యక్షుడు, ఏజెన్సీలు, కోర్టుల లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. న్యూజెర్సీలో ఉంటున్నారు, హెచ్-4 ఈఏడీ మీద, అంటే హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యాభర్తలకు (హెచ్-4) ఇచ్చే పని అనుమతి కార్డు మీద ఉద్యోగం చేస్తున్నారు. అధ్యక్షుడు ఏ రోజు సంతకం పెడితే ఆ మర్నాడే ఉద్యోగం ఊడుతుందని మీ ఆయన టెన్షన్. కోర్టులున్నాయి కదా, వెంటనే ఆపేస్తాయి అని మీ బావగారి ధీమా. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి, అసలు ఈ దేశంలో ఎవరు చెప్తే ఏది మారుతుంది అన్నది మీ ప్రశ్న.

ఇమ్మిగ్రేషన్ లాయర్ల ఆఫీసుల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న ఎవరు అడిగినా ముందు కార్డు బయటకి తియ్యమంటాను. మీరూ తియ్యండి. కేటగిరీ అన్న చోట సీ26 అని ఉంటుంది. ఫెడరల్ నిబంధనల సంపుటిలో ఎనిమిదో టైటిల్, 274ఎ.12 సెక్షన్, అందులో ‘సి’ భాగం కింద 26వ క్లాజు. దాన్నే కుదించి కార్డు మీద సీ26 అని కొట్టారు. మీరు పని చేసుకోవచ్చన్న మాట రాసి ఉన్నది ఆ క్లాజులోనే. అది డీహెచ్‌ఎస్ అనే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ రాసుకున్న రూల్. కాంగ్రెస్ పాస్ చేసిన చట్టంలో హెచ్-4 వాళ్లు ఉద్యోగం చెయ్యొచ్చన్న వాక్యం ఎక్కడా లేదు, అధ్యక్షుడి ఆర్డర్‌లోనూ లేదు.

అమెరికా ప్రభుత్వం గురించి ఏ వార్త విన్నా ముందు చూడాల్సింది ఇదే: ఆ విషయం ఏ కాగితం మీద ఉంది? చట్టంలో ఉంటే కాంగ్రెసే మార్చాలి. ఏజెన్సీ రూల్‌లో ఉంటే మళ్లీ రూల్ తెచ్చే తతంగం అంతా నడిపించి తీసెయ్యాలి. ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ దాదాపు మన జీవో లాంటిది. ఆయనో, తర్వాత గద్దెనెక్కినాయనో ఇంకో సంతకంతో కొట్టెయ్యొచ్చు. ఏజెన్సీ లోపల తిరిగే మెమో అయితే డైరెక్టర్ ఇంకో మెమో రాస్తే చాలు.

ఎల్-1 మీద, అంటే కంపెనీ తన విదేశీ ఆఫీసు నుంచి బదిలీ చేస్తే ఇచ్చే వీసా మీద వచ్చినవాళ్ల భార్యాభర్తల (ఎల్-2) సంగతి చూడండి, తేడా తెలుస్తుంది. వాళ్లు పని చేసుకునే వీలు 2002లో కాంగ్రెస్ చట్టంలోనే రాసింది. అందుకే ఎల్-2 వాళ్లకు మీకున్నంత బెంగ లేదు. గ్రీన్‌కార్డు క్యూ కూడా అంతే. ఏడాదికి సుమారు 1,40,000 ఉద్యోగ ఆధారిత వీసాలు, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి, ఇవన్నీ చట్టంలో ఉన్నాయి. ఏ అధ్యక్షుడు వచ్చినా ఆ 7 శాతాన్ని సంతకంతో 8 చెయ్యలేడు. ఎన్నికల సభల్లో ఎవరేం చెప్పినా సరే.

ఇక అధ్యక్షుడి సంగతి. రాజ్యాంగం రెండో ఆర్టికల్ ఎగ్జిక్యూటివ్ అధికారం మొత్తం ఒక్క మనిషి చేతిలో పెట్టింది. అయితే ఆ మనిషి కింద 15 శాఖలు, లెక్కకు మిక్కిలి ఏజెన్సీలు, పోస్టల్ శాఖను పక్కన పెట్టినా దాదాపు 20 లక్షల మంది సివిల్ ఉద్యోగులు ఉంటారు. అధ్యక్షుడు మారితే అందులో మారేది సుమారు 4,000 రాజకీయ నియామకాలే. వాటిలో వెయ్యికి పైగా పదవులకు సెనేట్ ఆమోదం కావాలి. మిగతావాళ్లు కెరీర్ ఉద్యోగులు. ఈ పద్ధతికి మూలం ఓ హత్య. 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ని, పదవి ఇవ్వలేదన్న కోపంతో ఒకడు కాల్చాడు. ఆ తర్వాత 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి, గెలిచిన పార్టీ కార్యకర్తలకు ఉద్యోగాలు పంచిపెట్టే సంప్రదాయానికి అడ్డుకట్ట మొదలైంది.

మన దగ్గర శాఖకు మంత్రి ఎమ్మెల్యేనో ఎంపీనో అయి ఉండాలి. ఇక్కడ తలకిందులు. కాంగ్రెస్ సభ్యుడిగా ఉంటూ శాఖకు సెక్రటరీ కాలేరు, సీటు వదులుకుని రావాల్సిందే. మన ఐఏఎస్‌లు ఉండే పై స్థాయిలో కూడా చాలా కుర్చీలు ఇక్కడ రాజకీయ నియామకాలే. అందుకే ప్రభుత్వం మారితే పైన ఊపు గట్టిగా ఉంటుంది. అది కింద డెస్క్ దాకా రావడానికి మాత్రం టైమ్ పడుతుంది.

పైగా ఒక్క పనికి ఒక్క శాఖ ఉండదు. మీ ఆయన హెచ్-1బినే తీసుకోండి. జీతం, పని షరతుల మీద కంపెనీ ఇచ్చే ఎల్‌సీఏ అనే హామీ పత్రాన్ని సర్టిఫై చేసింది లేబర్ శాఖ. పిటిషన్ అప్రూవ్ చేసింది డీహెచ్‌ఎస్ కింద ఉండే యూఎస్‌సీఐఎస్ అనే ఇమ్మిగ్రేషన్ దరఖాస్తుల ఏజెన్సీ. పాస్‌పోర్టులో స్టాంప్ వేసింది విదేశాంగ శాఖ. ఎయిర్‌పోర్టులో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే ఐ-94 రికార్డు ఇచ్చింది మళ్లీ డీహెచ్‌ఎస్ కిందే ఉండే సరిహద్దు తనిఖీ సంస్థ సీబీపీ. ‘అమెరికా ప్రభుత్వం రూల్ మార్చింది’ అని ఎవరైనా అంటే, ఏ శాఖ అని అడగకపోతే ఆ మాటకి అర్థమే లేదు.

రూల్ ఎలా పుడుతుందో మీ సీ26తోనే చెప్తాను. 1946లో వచ్చిన ఏపీఏ అనే చట్టం ప్రకారం, ఏజెన్సీ ముందు ముసాయిదాను ఫెడరల్ రిజిస్టర్ అనే గెజిట్‌లో వెయ్యాలి, జనం అభిప్రాయాలు తీసుకోవాలి, వాటికి జవాబు చెప్తూ తుది రూల్ ఇవ్వాలి. హెచ్-4 ముసాయిదా 2014 మేలో వచ్చింది. దాదాపు 13,000 వ్యాఖ్యలు వచ్చాయి. తుది రూల్ 2015 ఫిబ్రవరి 25న అచ్చయింది, మే 26 నుంచి అమలు. అదీ అందరికీ కాదు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయినవాళ్లు, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తున్నందువల్ల ఆరేళ్లు దాటి హెచ్-1బి పొడిగింపు దొరికినవాళ్లు, వాళ్ల భార్యాభర్తలకే. తర్వాత కార్డు తీసుకున్నవాళ్లలో పదిలో తొమ్మిది మందికి పైగా భారత్‌లో పుట్టినవాళ్లే, అత్యధికులు ఆడవాళ్లే. అందులో మన తెలుగువాళ్లు ఎందరో మీ న్యూజెర్సీలోని ఎడిసన్ ఊళ్లో చూస్తే తెలుస్తుంది.

దీన్ని తీసేస్తామని ట్రంప్ మొదటి హయాంలో 2017లోనే ప్రకటించారు. ఆ తర్వాత ఏం జరిగిందో మీ ఆయనకు చెప్పండి. రద్దు ముసాయిదా 2019 ఫిబ్రవరిలో వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసులో ఉండే ఓఐఆర్ఏ దగ్గరికి వెళ్లింది. ఏజెన్సీల ముఖ్యమైన రూల్స్ అన్నీ అచ్చవడానికి ముందు చూసే విభాగం అది. అక్కడే ఉండిపోయింది. ఫెడరల్ రిజిస్టర్ మొహం చూడలేదు. 2021 జనవరిలో బైడెన్ ప్రభుత్వం రాగానే వెనక్కి తీసుకుంది. నాలుగేళ్లు అధికారంలో ఉండి, తీసెయ్యాలని బహిరంగంగా చెప్పి కూడా ముసాయిదా దశ దాటించలేకపోయారు. కోర్టు ఆపలేదు, కాంగ్రెస్ ఆపలేదు. రూల్ తీసెయ్యాలంటే చెయ్యాల్సిన పని బరువు అది. ఆర్థిక ప్రభావం లెక్కలు కట్టాలి, లాయర్లు ఒప్పుకోవాలి, మిగతా ప్రాధాన్యాల మధ్య దానికి వంతు రావాలి.

అంతమాత్రాన గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకోమని చెప్పను. అడ్డదారులు ఉన్నాయి, నేను ఎక్కువగా గమనించేది వాటినే.

మొదటిది, తగిన కారణం ఉందంటూ వ్యాఖ్యల దశ దాటెయ్యడం. 2025 అక్టోబర్ 30న సరిగ్గా ఇదే జరిగింది. ఈఏడీ రెన్యువల్ టైమ్‌కి వేస్తే పాత కార్డు 540 రోజుల దాకా ఆటోమేటిక్‌గా పొడిగేది కదా, ఆ వెసులుబాటుని ఇంటరిమ్ ఫైనల్ రూల్ అనే పద్ధతిలో ఎత్తేశారు. ముందు అమలు, తర్వాత అభిప్రాయాలు. ఆ రోజు నుంచి వేసిన రెన్యువల్స్‌కి ఆటో ఎక్స్‌టెన్షన్ లేదు. సీ26 క్లాజు మాత్రం అక్షరం కూడా కదల్లేదు.

రెండోది ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది. 2019 మార్చిలో, హెచ్-4 పొడిగింపుకి వేసే ఐ-539 ఫారంతో పాటు ప్రతి ఒక్కరూ వేలిముద్రలు ఇవ్వాలన్నారు. రూల్ మారలేదు, ఫారం సూచనలు మారాయి. దాంతో అపాయింట్‌మెంట్ల కోసం ఫైళ్లు పేరుకుని, హెచ్-4 రెన్యువల్స్ నెలల తరబడి ఆగాయి. కార్డు గడువు అయిపోయి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. కేసులు వేశాక, 2021లో ఆ షరతు పక్కన పెట్టారు. అదే ఏడాది నవంబర్‌లో ఇంకో కేసు రాజీలో హెచ్-4 వాళ్లకు ఆటో ఎక్స్‌టెన్షన్ ఒప్పుకున్నారు. హక్కు కాగితం మీద భద్రంగా ఉండగానే చేతికి అందకుండా చెయ్యొచ్చన్నమాట. నా దృష్టిలో సంతకం కంటే ఈ ఫారం సూచనలే ప్రమాదం. వీటి మీద ఎవరూ బ్రేకింగ్ న్యూస్ వెయ్యరు.

మరి ఒక్క సంతకంతో జరిగేవి లేవా అంటే, ఉన్నాయి. 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం. కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్లు అనే ప్రొక్లమేషన్ (అధ్యక్షుడి అధికారిక ప్రకటన) మీద సంతకం అయింది. ఆదివారం తెల్లవారుజాము 12:01 నుంచి అమలు. విమానం ఎక్కినవాళ్లు దిగిపోయారు, ఇండియాలో ఉన్నవాళ్లు టికెట్ల కోసం పరుగులు పెట్టారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి వర్తించదని శనివారం గానీ స్పష్టత రాలేదు. అది అంత వేగంగా ఎలా కుదిరిందంటే, 1952 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టంలో 212(ఎఫ్) అనే సెక్షన్ ఉంది. బయటివాళ్ల రాకను ఆపే అధికారం అందులో కాంగ్రెసే అధ్యక్షుడి చేతికి ఇచ్చింది. 2018లో, కొన్ని దేశాలవాళ్ల రాకను ఆపిన ట్రావెల్ బ్యాన్ కేసులో సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని విశాలంగానే చదివింది, 5-4 తీర్పుతో. కాబట్టి నా అంచనా ఎప్పుడూ ఒకటే: సరిహద్దు బయట ఉన్నవాళ్ల విషయంలో అధ్యక్షుడి చెయ్యి బలమైనది. లోపల ఉండి పని చేసుకుంటున్నవాళ్ల విషయంలో రూల్స్, కోర్టులు ఎక్కువ అడ్డుపడతాయి. మీరు లోపల ఉన్నారు.

ఇప్పుడు మీ బావగారి కోర్టులు. కింద 94 జిల్లా కోర్టులు, వాటి పైన 13 అప్పీల్ కోర్టులు, అన్నిటి పైన తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు. న్యూజెర్సీ మూడో సర్క్యూట్ (అప్పీల్ కోర్టు పరిధి) కిందకి వస్తుంది, టెక్సాస్ అయిదు, కాలిఫోర్నియా తొమ్మిది. ఈ జడ్జీలను అధ్యక్షుడు నామినేట్ చేస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది, ఆ తర్వాత రిటైర్మెంట్ వయసు లేదు, జీతం తగ్గించడానికి లేదు. తనని కూర్చోబెట్టిన అధ్యక్షుడికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చినా ఏమీ చెయ్యలేరు.

కానీ ఇక్కడ మన పిల్‌లు లేవు. ఎవరో పెద్దమనిషి పోస్టుకార్డు రాస్తే కోర్టు స్పందించడం లేదు. నీకు జరిగిన నష్టం ఏంటి అన్నది మొదటి ప్రశ్న. మీ సీ26 మీద నడిచిన కేసే దీనికి మంచి ఉదాహరణ. సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే విద్యుత్ కంపెనీలో పనిచేసి, హెచ్-1బి వాళ్ల వల్ల ఉద్యోగాలు పోయాయన్న ఐటీ ఉద్యోగులు సేవ్ జాబ్స్ యూఎస్ఏ పేరుతో 2015 ఏప్రిల్‌లో కేసు వేశారు. 2016లో వాషింగ్టన్ జిల్లా జడ్జి తాన్యా చట్కన్, మీకు నష్టం జరిగిందని చూపలేదంటూ కొట్టేశారు. రూల్ మంచిదా చెడ్డదా అన్న దాకా కేసు వెళ్లనే లేదు. 2019 నవంబర్‌లో అప్పీల్ కోర్టు, లేదు, పోటీ పెరగడమూ నష్టమే అని వెనక్కి పంపింది. 2023 మార్చిలో అదే జడ్జి ఈసారి రూల్ చెల్లుతుందని తేల్చారు. 2024 ఆగస్టులో అప్పీల్ కోర్టు సమర్థించింది. 2025 అక్టోబర్ 14న సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. పదేళ్లకు పైగా పట్టింది.

ఆ చివరిదాన్ని మన వాట్సాప్ గ్రూపుల్లో ‘హెచ్-4కి సుప్రీంకోర్టు ఓకే’ అని తిప్పారు. అది తప్పు. తొమ్మిది మందిలో నలుగురు సరే అంటేనే కేసు తీసుకుంటారు. ఏటా వేల పిటిషన్లు వస్తే వినేది అరవై, డెబ్బై. తీసుకోకపోవడం ఆమోద ముద్ర కాదు, కింది తీర్పు అలాగే ఉండిపోతుంది, అంతే. ఆ తీర్పు చెప్పింది కూడా ఈ రూల్ పెట్టే అధికారం డీహెచ్‌ఎస్‌కి ఉందని మాత్రమే. పెట్టే అధికారం ఉన్నవాళ్లకి తీసే అధికారమూ ఉంటుంది. ఇది చాలామంది మర్చిపోతున్నారు.

అయితే తీసేటప్పుడు కారణం సరిగ్గా చెప్పాలి. ఇక్కడ చదవాల్సింది 2020 జూన్ నాటి డాకా తీర్పు. చిన్నప్పుడు తల్లిదండ్రులతో వచ్చేసి ఇక్కడే పెరిగిన దాదాపు ఏడు లక్షల మందికి ఉన్న రక్షణను ప్రభుత్వం 2017లో ఎత్తెయ్యబోయింది. సుప్రీంకోర్టు 5-4తో అడ్డుకుంది. ఎత్తెయ్యకూడదని చెప్పలేదు. దాన్ని నమ్ముకుని చదువులు, ఉద్యోగాలు, ఇళ్లు ఏర్పరచుకున్నవాళ్ల సంగతి ఆలోచించకుండా ఎత్తేస్తే కుదరదని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు. రేపు హెచ్-4 రద్దు రూల్ వచ్చినా లాయర్లు ముందు పట్టుకునే కొమ్మ ఇదే. మీరు కట్టే మార్ట్‌గేజ్ కూడా అక్కడ సాక్ష్యమే. ముసాయిదా వస్తే వ్యాఖ్యల గడువులో మీ సొంత మాటల్లో రాయండి. ఎవరో పంపిన టెంప్లేట్ కాపీ కొడితే, వేల కాపీల్లో అదొకటి అవుతుంది. ఏ ఉద్యోగం, ఎంత పన్ను, ఏ అప్పు అని రాస్తే ఏజెన్సీ దానికి జవాబు చెప్పకుండా దాటెయ్యడం కష్టం.

చిన్న లోపంతో రూల్ మొత్తం పోయిన సందర్భాలూ ఉన్నాయి. హెచ్-1బి లాటరీ బదులు జీతాన్ని బట్టి ఎంపిక అని 2021 జనవరిలో ఓ రూల్ తెచ్చారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి కొట్టేశారు. కారణం ఎంపిక పద్ధతి కాదు. రూల్ తెచ్చిన నాటి తాత్కాలిక డీహెచ్‌ఎస్ సెక్రటరీ చాడ్ వుల్ఫ్ ఆ కుర్చీలో చట్టబద్ధంగా కూర్చోలేదని! 2025 డిసెంబర్‌లో జీతం స్థాయిని బట్టి వెయిటేజీ ఇస్తూ ఇంకో రూల్‌గా మళ్లీ తెచ్చారు. ఇక్కడ కోర్టులో ఓడడమంటే చాలాసార్లు మళ్లీ సరిగ్గా రాసుకురా అనే అర్థం.

రెండు పెద్ద మార్పులు కూడా గమనించాలి. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు, చట్టంలో అస్పష్టత ఉంటే ఏజెన్సీ చెప్పిన అర్థాన్నే మన్నించాలనే 1984 నాటి షెవ్రాన్ సూత్రాన్ని పక్కన పడేసింది. ఇక చట్టానికి అర్థం జడ్జీలే చెప్తారు. ఇది రెండువైపులా పదునున్న కత్తి. హెచ్-4 రూల్‌ని పొడవాలనుకున్నవాళ్లూ దీన్ని వాడి చూశారు, అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు. 2025 జూన్‌లో ఇంకోటి: ఒక జిల్లా జడ్జి దేశమంతటికీ వర్తించేలా ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) ఇచ్చే అలవాటుకి సుప్రీంకోర్టు కత్తెర వేసింది. కేసు వేసినవాళ్లకి పూర్తి ఉపశమనం ఇస్తే చాలంది. ఒకే నష్టం ఉన్నవాళ్లందరి తరఫునా వేసే క్లాస్ యాక్షన్ దారి మిగిలే ఉంది, ఏపీఏ కింద రూల్‌ని మొత్తంగా కొట్టేసే సంగతి ఆ తీర్పు తేల్చలేదు. కాబట్టి మీ బావగారికి చెప్పండి: సియాటిల్‌లో ఎవరో గెలిస్తే ఎడిసన్‌లో మీకు వర్తిస్తుందని ఇదివరకులా గుడ్డిగా అనుకోవడానికి లేదు.

వేగంగా పనిచేసిన సందర్భమూ ఉంది. 2025 ఏప్రిల్‌లో వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (విద్యార్థి హోదాకి ప్రభుత్వం ఉంచే నమోదు) ఉన్నట్టుండి రద్దయ్యాయి. చాలామందికి అది పాత ట్రాఫిక్ కేసు లాంటి చిన్న విషయంతో. మన పిల్లలూ అందులో ఉన్నారు. దేశవ్యాప్తంగా వందకు పైగా కేసులు పడ్డాయి, ఒక్కో జడ్జీ తాత్కాలిక స్టేలు ఇస్తూ పోయారు. ఏప్రిల్ 25న ప్రభుత్వ లాయర్లే కోర్టుకొచ్చి రికార్డులు పునరుద్ధరిస్తున్నామన్నారు. ఒక్క పెద్ద తీర్పు లేకుండానే, కేసుల తాకిడికే ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

జడ్జి మాట వినకపోతే ఏంటని కూడా అడిగారు. కోర్టుకి సైన్యం లేదు, ఉత్తర్వులు అమలు చేసే యూఎస్ మార్షల్స్ న్యాయశాఖ కింద, అంటే అధ్యక్షుడి కిందే ఉంటారు. అయినా 1952లో ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 6-3తో చెప్పగానే, కొరియా యుద్ధం నడుస్తున్నా ట్రూమన్ వెంటనే తిరిగి ఇచ్చేశారు. ఆ కేసులో ప్రతివాది ఆయన కాదు, వాణిజ్య కార్యదర్శి సాయర్. ఇక్కడ పని చేసే అధికారి మీదే సాధారణంగా కేసు వేస్తారు. కోర్టు ధిక్కారం భయం ఆ అధికారికి ఉంటుంది. బహిరంగంగా ‘వినను’ అనడం అరుదు. నెమ్మదిగా వినడం, సగం వినడం, అప్పీల్ పేరుతో సాగదియ్యడం, ఇవి మాత్రం మామూలే.

ఒక జాగ్రత్త. ‘ఇమ్మిగ్రేషన్ కోర్టు’ అని పేరున్నంత మాత్రాన అది పైన చెప్పిన ఫెడరల్ కోర్టు కాదు. అక్కడి జడ్జీలు న్యాయశాఖ ఉద్యోగులు, వాళ్ల పైవాడు అటార్నీ జనరల్. అక్కడ ఓడితే ముందు ఆ శాఖలోనే ఉండే అప్పీల్ బోర్డుకి వెళ్లాలి, నిజమైన కోర్టు ఆ తర్వాత. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా తిరస్కరిస్తే దాదాపు ఏ కోర్టూ ఆ నిర్ణయాన్ని తిరగతోడదు. అందుకే సరిహద్దు దాటేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించమని అందరికీ చెప్తుంటాను.

మీరు ఇప్పుడు చెయ్యాల్సింది చిన్న పనే. కార్డు మీద గడువు తేదీ, మీ ఐ-94 తేదీ రెండూ చూసుకోండి. ఈఏడీ రెన్యువల్ గడువుకి 180 రోజుల ముందు నుంచి వెయ్యొచ్చు. ఆటో ఎక్స్‌టెన్షన్ లేదు కాబట్టి మొదటి వారంలోనే వేసెయ్యండి. మీ ఆయన హెచ్-1బి పొడిగింపు కూడా దగ్గర్లో ఉంటే మీ హెచ్-4, ఈఏడీ మూడూ కలిపి పంపమని ఆయన కంపెనీ లాయర్‌ని ఇప్పుడే అడగండి. కొందరు లాయర్లు అడిగితే గానీ కలపరు.